ప్రపంచ వార్తల మీద పెత్తనం ఎవరిది? మెక్‌బ్రైడ్ నివేదిక నుంచి మాచ్‌నూర్ రేడియో దాకా

పాతపేపర్

అందరికీ నమస్కారం. చాలాకాలంగా మనసులో నలుగుతున్న విషయం, ఇక్కడ పెడుతున్నాను. కాస్త పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

1948 డిసెంబరు 10న ఐక్యరాజ్య సమితి ఆమోదించిన మానవ హక్కుల ప్రకటనలో 19వ అధికరణం మూడు పనులను మనిషి హక్కుగా చెబుతుంది. సమాచారాన్ని వెతుక్కోవడం, అందుకోవడం, నలుగురికీ పంచడం. దేశాల సరిహద్దులు దీనికి అడ్డు కాకూడదని కూడా అంటుంది. మన లాంటి దేశాలకు అందుకోవడం బాగానే దొరికింది. పంచడం దగ్గరే చిక్కంతా.

నేను చాలా ఏళ్ళు ఒక తెలుగు దినపత్రికలో రాత్రి డెస్క్‌లో పని చేశాను. టెలిప్రింటర్ మీద కాపీ వస్తూ ఉండేది, చించి ముందేసుకుని తెలుగులోకి మార్చేవాళ్ళం. నైజీరియాలో ఏదైనా జరిగితే ఆ వార్త లాగోస్ నుంచి నేరుగా మన దగ్గరికి వచ్చేది కాదు. లండన్ వెళ్ళి, అక్కడి ఎడిటర్ కత్తెర పడి, ఢిల్లీ చేరి, అప్పుడు మా టేబుల్ మీదికి. ఆఫ్రికా గురించి మేం వేసిందల్లా కరువు, తిరుగుబాటు, విమాన ప్రమాదం. అక్కడ పంటలు పండుతున్నాయని, ఎన్నికలు జరుగుతున్నాయని, పిల్లలు బడికి పోతున్నారని పాఠకుడికి చెప్పిన గుర్తు లేదు. మన గురించి వాళ్ళ పత్రికల్లో ఏం పడి ఉంటుందో ఊహించుకోండి.

ఈ బాధనే అమెరికా, రష్యా కూటములు రెండింటికీ దూరంగా ఉన్న అలీన దేశాలు 1970ల్లో పైకి తెచ్చాయి. అమెరికా ఏజెన్సీలు అసోసియేటెడ్ ప్రెస్, యునైటెడ్ ప్రెస్ ఇంటర్నేషనల్ (యూపీఐ), బ్రిటన్ ఏజెన్సీ రాయిటర్స్, ఫ్రాన్స్ ఏజెన్సీ ఏఎఫ్‌పీ. అప్పట్లో అంతర్జాతీయ వార్తల్లో సింహభాగం ఈ నాలుగింటిదే. యునెస్కో 1977లో ఒక కమిషన్ వేసింది. అధ్యక్షుడు ఐర్లాండ్‌కు చెందిన షాన్ మెక్‌బ్రైడ్, మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ వ్యవస్థాపకుల్లో ఒకరు, 1974లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నవారు. 16 మంది సభ్యుల్లో గాబ్రియేల్ గార్సియా మార్కెజ్ ఉన్నారు, మన దేశం నుంచి పాత్రికేయుడు బి.జి. వర్గీస్ ఉన్నారు. 1980లో నివేదిక వచ్చింది. కొత్త ప్రపంచ సమాచార వ్యవస్థ కావాలన్న డిమాండుకు అదే ఆధారమైంది. ఈ గొడవ కూడా ఒక కారణంగా 1984 ఆఖరులో అమెరికా, 1985 ఆఖరులో బ్రిటన్ యునెస్కో నుంచి వెళ్ళిపోయాయి. ఆ మాట అంతటితో మూలపడింది.

అడిగినవాళ్ళ ఫిర్యాదులో న్యాయం ఉంది. మరి ఎందుకు నిలబడలేదు? గూగుల్, ఫేస్‌బుక్ కాలంలో దాని నుంచి మనకు పనికొచ్చేది ఏమైనా మిగిలిందా?

కృష్ణలంక_రవి

నిలబడలేదు అనకండి సార్, నిలబడనివ్వలేదు. అప్పట్లో యునెస్కో బడ్జెట్‌లో పాతిక శాతం అమెరికాది. ఆ డబ్బు ఆగిపోయేసరికి సంస్థ నడుం విరిగింది.

ఈ పెత్తనం 1970ల్లో పుట్టింది కూడా కాదు. 1870లోనే రాయిటర్స్, ఫ్రాన్స్‌కు చెందిన హవాస్, జర్మనీకి చెందిన వోల్ఫ్ కూర్చుని ప్రపంచాన్ని పంచుకున్నాయి. ఏ ఖండంలో ఎవరు వార్తలు సేకరించాలి, ఎవరు అమ్మాలి అని రాసుకున్నారు. బ్రిటిష్ సామ్రాజ్యం రాయిటర్స్ వాటాకు వచ్చింది, దాంతోపాటు మనమూ వచ్చాం. మన ఊళ్ళో కరువు వస్తే ఆ వార్త ఎవరిదో కూడా వాళ్ళే తేల్చుకున్నారు. సముద్రం అడుగున టెలిగ్రాఫ్ కేబుళ్ళు ఎవరివో వార్తలూ వాళ్ళవే. ఇప్పుడూ కేబుల్ ఎవరిది, సర్వర్ ఎవరిది అన్నదే అసలు ప్రశ్న.

ప్లీడరమ్మ

రవి గారూ, మీరు చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు. కానీ సగమే చెప్పారు.

అలీన దేశాల వార్తా సంస్థలు తమలో తాము వార్తలు ఇచ్చిపుచ్చుకునే 'పూల్'‌కు రూపం వచ్చింది 1976 జులైలో, ఢిల్లీలో జరిగిన సమాచార మంత్రుల సమావేశంలో. ఆ నెలలో మన దేశం ఎలా ఉందో గుర్తు తెచ్చుకోండి. ఎమర్జెన్సీ మొదలై ఏడాది దాటింది. పత్రికలు సెన్సార్ ముద్ర లేకుండా బయటికి రావడం కష్టం. ఆ ఫిబ్రవరిలోనే పీటీఐ, యూఎన్ఐ, సమాచార్ భారతి, హిందుస్థాన్ సమాచార్ నాలుగింటినీ కలిపేసి 'సమాచార్' అని ఒకే ఏజెన్సీ చేశారు. ప్రెస్ కౌన్సిల్‌ను రద్దు చేశారు. ప్రపంచ వేదిక మీద నాలుగు ఏజెన్సీల పెత్తనం అన్యాయం అన్న ప్రభుత్వమే ఇంట్లో నాలుగు ఏజెన్సీలను ఒక్కటిగా కట్టి తన చేతిలో పెట్టుకుంది. 1978లో గాని అవి మళ్ళీ విడిపోలేదు.

పాతపేపర్ గారి ప్రశ్నకు నా జవాబు ఇదే. ఆ ఉద్యమం జనం పేరు మీద అడిగింది, తీసుకున్నది మాత్రం ప్రభుత్వాల చేతికి. పూల్‌లో ఉన్న ఏజెన్సీల్లో చాలావరకు ప్రభుత్వ ఏజెన్సీలే. మంత్రిగారి పర్యటన, ప్రారంభోత్సవం, రెండు దేశాల ఉమ్మడి ప్రకటన. అవే ఒకరికొకరు పంపుకున్నారు. పశ్చిమ దేశాల పత్రికలకు అంతకంటే సులువైన సాకు ఏం కావాలి? మెక్‌బ్రైడ్ నివేదిక సెన్సార్‌షిప్‌ను గట్టిగానే వద్దంది. పాత్రికేయులకు లైసెన్సులు పెట్టడాన్నీ సమర్థించలేదు. అది చదివినవాళ్ళు తక్కువ, కొట్టుకున్నవాళ్ళు ఎక్కువ.

పాతపేపర్

మేడమ్, పూల్ కాపీ నేను చూశాను. మీరన్నట్టే ఉండేది. రాత్రి పదకొండున్నరకు పేజీ మూసే తొందరలో ఉన్నప్పుడు మొదటి పేరాలో మంత్రి పేరు, హోదా, ఆయనకు స్వాగతం పలికినవాళ్ళ పేర్లు. నాలుగో పేరా దాకా పోయినా ఏం జరిగిందో తెలిసేది కాదు. పక్కనే రాయిటర్స్ కాపీ మొదటి వాక్యంలోనే విషయం చెప్పేసేది. ఏది వాడతాం?

కృష్ణలంక_రవి

మేడమ్, ఎమర్జెన్సీని నేను వెనకేసుకురాను. మా నాన్నగారి తరం దాన్ని అనుభవించింది. నేననేది ఒకటే. ప్రభుత్వాలు చెడ్డవని తేలినంత మాత్రాన కంపెనీలు మంచివైపోవు. 2015లో ఫేస్‌బుక్ 'ఫ్రీ బేసిక్స్' పేరుతో వచ్చింది. పేదవాళ్ళకు ఉచిత ఇంటర్నెట్ అన్నారు. అందులో ఏ సైట్లు ఉండాలో వాళ్ళే ఖరారు చేస్తారు. దేశంలో లక్షల మంది టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి మెయిళ్ళు పెట్టారు, నేనూ పెట్టాను. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ ఒక్కో సైటుకు ఒక్కో రేటు కుదరదని తేల్చింది. ప్రభుత్వ సంస్థ ఒకటి జనం మాట విని నిలబడింది కాబట్టే కదా అది ఆగింది?

నిఖిల్_డేటా

ఫ్రీ బేసిక్స్ లాంటిది ఆగని చోట ఏం జరిగిందో మయన్మార్‌లో చూడొచ్చు. నేను కంటెంట్ మోడరేషన్, అంటే సోషల్ మీడియాలో తప్పుడు పోస్టులను ఏరి తీసేసే రంగంలో కొంతకాలం పని చేశాను కాబట్టి ఆ కేసును దగ్గరగా చదివాను.

మయన్మార్‌లో సైనిక ప్రభుత్వ కాలంలో ఒక సిమ్ కార్డు కొనాలంటే మామూలు మనిషికి సాధ్యమయ్యేది కాదు. 2014లో టెలినార్, ఊరెడూ అనే విదేశీ ఫోన్ కంపెనీలు రాగానే సిమ్ డాలరున్నరకు దిగింది. రెండు మూడేళ్ళలో దేశమంతా ఫోన్ల మీదికి వచ్చేసింది, షాపులో ఫోన్ కొంటే ఫేస్‌బుక్ వేసి ఇచ్చేవారు. అక్కడ చాలామందికి ఇంటర్నెట్ అంటే ఫేస్‌బుక్కే. దానికి ముందు స్వేచ్ఛగా నడిచే పత్రికల అలవాటు లేదు, అబద్ధాన్ని మర్నాడు ఖండించే మరో గొంతు లేదు.

అక్కడి ముస్లిం మైనారిటీ అయిన రోహింగ్యాల మీద ద్వేషం రాతలు కుప్పలుగా వచ్చాయి. 2015 మొదట్లో ఆ పోస్టులు చదివి తీసేయడానికి బర్మీస్ వచ్చిన మనుషులు ఫేస్‌బుక్‌కు ఇద్దరే ఉన్నారని తర్వాత రాయిటర్స్ పరిశోధనలో బయటపడింది. పైగా అక్కడివాళ్ళు ఎక్కువమంది వాడేది జాజీ అనే ఫాంటు, అది యూనికోడ్‌తో కలవదు. మన దగ్గర పాత అను ఫాంట్లలో టైపు చేసిన ఫైలు వేరే కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలు వస్తాయి చూడండి, అదే తంతు. యంత్రానికి ఆ రాత అర్థమే కాదు. స్థానిక సంస్థలు హెచ్చరిస్తూనే ఉన్నాయి.

2017 ఆగస్టు 25 తర్వాత ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోయారు. 2018లో ఐక్యరాజ్య సమితి నిజనిర్ధారణ బృందం సోషల్ మీడియా పాత్రను ఎత్తి చూపింది. ఆ ఆగస్టు 27న ఫేస్‌బుక్ సైన్యాధిపతి మిన్ ఆంగ్ లాయింగ్ ఖాతాను తీసేసింది. ఊళ్ళు తగలబడిన ఏడాదికి.

కాబట్టి రవి అన్నా, నువ్వన్న కేబుల్, సర్వర్ ప్రశ్నకు ఇంకోటి కలుపు. మన భాష చదివేవాళ్ళు అక్కడ ఎంతమంది కూర్చున్నారు? వ్యాపారం చేసేటప్పుడు ప్రతి భాషా కావాలి, కాపలా కాసేటప్పుడు ఇంగ్లీషే కావాలి.

ప్లీడరమ్మ

నిఖిల్, ఆ కథలో ఇంకో భాగం ఉంది, అది కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఇన్ దిన్ అనే ఊళ్ళో పది మంది రోహింగ్యా మగవాళ్ళను చంపి ఒకే గుంటలో పూడ్చారు. దాన్ని బయటికి తీసింది వా లోన్, క్యా సో ఊ అనే ఇద్దరు విలేకరులు. ఇద్దరూ మయన్మార్ వాళ్ళే, పని చేసింది రాయిటర్స్‌కు. 2017 డిసెంబరులో అరెస్టు చేశారు, 2018 సెప్టెంబరులో ఏడేళ్ళ శిక్ష వేశారు. 2019 మే 7న విడుదలయ్యారు. వాళ్ళ మీద పెట్టిన చట్టం 1923 నాటి అధికార రహస్యాల చట్టం. తెల్లవాళ్ళు చేసిన చట్టం, మన దగ్గరా అదే ఏడాది పేరుతో ఇంకా ఉంది.

ఇప్పుడు లెక్క చూడండి. పెత్తందారీ ఏజెన్సీ అని మనం తిట్టుకునే సంస్థ ఆ ఇద్దరి వెనక నిలబడింది, లాయర్లను పెట్టింది, ప్రపంచమంతా గొడవ చేసింది. స్వతంత్ర దేశపు ప్రభుత్వం వాళ్ళను జైల్లో వేసింది. మనవాళ్ళ చేతిలో మీడియా ఉంటే చాలు, మేలు జరుగుతుంది అనుకునేవాళ్ళు రువాండాను కూడా చూడాలి. 1994లో అక్కడి మైనారిటీ జాతి టుట్సీల పేర్లు చదివి చంపమన్న ఆర్టీఎల్ఎం రేడియో విదేశీయులది కాదు. సొంత భాషలో, అందరికీ నచ్చే పాటల మధ్య పెట్టి చెప్పారు. 2003లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ ఆ రేడియో నడిపినవాళ్ళను జాతి హననం నేరం కింద దోషులుగా తేల్చింది.

వరంగల్_కంట్రిబ్యూటర్

పెద్దవాళ్ళు ప్రపంచం గురించి మాట్లాడుతున్నారు, నేను మండలం గురించి చెప్తా. రెండూ ఒకటే కథ.

నేను ఒక పెద్ద పత్రికకు మండల కంట్రిబ్యూటర్‌ని. పేరు వద్దు. జీతం లేదు. రాసిన వార్తకు ఇచ్చేది నెలకు పెట్రోలుకు కూడా రాదు. ఉగాదికి, ఆగస్టు 15కి, జనవరి 26కి యాడ్స్ టార్గెట్ ఉంటుంది, అందులో కమీషన్ మీదే బతుకు. మా దగ్గర ఒక క్వారీ ఉంది. బ్లాస్టింగ్‌కి ఇళ్ళ గోడలు పగిలాయి. ఒక ముసలామె తన పొయ్యి మీది కప్పు నుంచి రాయి పడి కుండ పగిలిందని ఆ పెంకులు ఒడిలో పట్టుకుని చూపించింది. ఫోటో తీసి పంపాను. రాలేదు. మళ్ళీ పంపాను. రాలేదు. క్వారీ ఓనరు ఉగాదికి అర పేజీ ఇస్తాడు. అది తెచ్చేది కూడా నేనే.

లండన్ ఎడిటర్ కత్తెర అన్నారు కదా సార్, మా ముసలామెకు జిల్లా కేంద్రమే లండన్.

పాతపేపర్

తమ్ముడూ, నువ్వు రాసింది చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. డెస్క్‌లో కూర్చున్నవాళ్ళకు ఆ రెండో ఫోటో ఎందుకు ఆగిందో తెలుసు. అడగరు.

షార్జా_శ్రీను

మా జగిత్యాల వాళ్ళ సంగతి కూడా వినండి. ఇక్కడ ఎమిరేట్స్‌లో వాట్సాప్ మెసేజ్ పోతది, కాల్ పోదు. లైసెన్స్ ఉన్న యాప్‌లే వాడాలి, బోటిమ్ లాంటివి. క్యాంపులో ఉండే మనిషికి ఇంటితో మాట్లాడటమే పెద్ద టెన్షన్. అందుకే మావాళ్ళు వాయిస్ మెసేజ్‌లు పంపుకుంటరు. భార్య పొద్దున చెప్పింది, ఈయన డ్యూటీ దిగి రాత్రి వింటడు. కంపెనీ జీతం ఆపినా, పాస్‌పోర్టు పెట్టుకున్నా దాని గురించి బయట పెట్టాలంటే భయం, ఇక్కడి సైబర్ చట్టం గట్టిగ ఉంటది. మా బాధ మా జిల్లా పేపర్లో రావాలంటే ఎవరన్నా శవమై రావాలె. అప్పుడు ఎయిర్‌పోర్టులో పెట్టె ఫోటో వేస్తరు. పాతపేపర్ సార్ చెప్పిన ఆఫ్రికా వార్తల్లెక్క మా వార్తలు కూడా అవే మూడు రకాలు.

అలంపూర్_మాస్టారు

నిఖిల్ చెప్పిన మయన్మార్ చదువుతుంటే 2018లో మా ప్రాంతం గుర్తొచ్చింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వీడియోలు. మా బడికి పిల్లలు రావడం మానేశారు, సాయంత్రం ఆరుకే తలుపులు వేసుకునేవారు. ఆ జులై 1న మహారాష్ట్రలో ధూలె జిల్లా రెయిన్‌పాడలో ఇవే పుకార్లతో ఐదుగురిని కొట్టి చంపారు.

గద్వాలలో అప్పుడు ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరికో పోలీసును కేటాయించారు. వాళ్ళు ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చేరారు. రాత్రిళ్ళు ఊరి మధ్య డప్పు కొట్టి, పాట కట్టి, ఆ వీడియో అబద్ధం అని చెప్పేవారు. కాగితం మీద ప్రకటన ఇచ్చి ఉంటే ఎవరూ చదివేవారు కాదు. డప్పు వినపడగానే జనం బయటికి వచ్చారు, వచ్చి అనుమానాలు అడిగారు. మా జిల్లాలో ప్రాణం పోలేదు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌కు ఐదుగురి పరిమితి పెట్టింది.

జహీరాబాద్_అనిత

రెండు రోజులుగా చదువుతున్నా. ప్రభుత్వమా, కంపెనీనా అని ఇక్కడిదాకా వచ్చారు. మూడో దారి మా ఊరికి దగ్గర్లోనే ఉంది, ఎవరూ ఎత్తకపోతే నేనే చెప్తున్నా.

ఝరాసంగం మండలం మాచ్‌నూర్‌లో సంగం రేడియో ఉంది. పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) సంఘాల ఆడవాళ్ళు నడుపుతారు, ఎక్కువమంది దళిత మహిళలు. యునెస్కో సాయంతో 1998 నాటికే పరికరాలు వచ్చాయి. అంటే పాతపేపర్ గారూ, మీరు మూలపడిందన్న మాట ఆ సంస్థ ద్వారానే మా పల్లెకు మైకై వచ్చింది. అయితే పరికరాలు ఉన్నాయి గాని లైసెన్సు లేదు. ఆడవాళ్ళు కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లు సంచిలో వేసుకుని సంఘం మీటింగులకు తీసుకుపోయి టేప్ రికార్డర్లో వినిపించేవాళ్ళు. అలా పదేళ్ళు. 2008 అక్టోబరు 15న ప్రసారం మొదలైంది. ప్రారంభించింది జస్టిస్ పి.బి. సావంత్. 1995లో గాలి తరంగాలు ప్రజల ఆస్తి, ప్రభుత్వ గుత్తసొత్తు కాదని తీర్పు ఇచ్చిన సుప్రీంకోర్టు జడ్జి ఆయన. ఆ తీర్పులో మన తెలుగువారు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి కూడా ఉన్నారు, ప్రైవేటు చేతుల్లో పెట్టినా ప్రమాదమేనని ఆయన విడిగా రాశారు.

మా పెద్దమ్మను ఒకసారి విత్తనాల మీద మాట్లాడమని పిలిచారు, నేను తోడు వెళ్ళాను. మైకు ముందు కూర్చోగానే టీవీలో వచ్చే మాటల్లా మాట్లాడబోయింది, గొంతు బిగుసుకుపోయింది. రికార్డు చేసే అమ్మాయి బటన్ ఆపేసి, "మనింట్ల ఎట్ల మాట్లాడుతవో అట్లనే చెప్పు పెద్దమ్మా" అంది. అంతే, ఇక ఆగలేదు. జొన్న, కొర్ర, కంది, అనుములు, ఏది ఏ నేలకో, పేడతో అలికిన బుట్టలో బూడిద, వేపాకు వేసి విత్తనం ఎట్లా దాచాలో చెప్పుకుంటూ పోయింది. తన గొంతు రేడియోలో విన్న రాత్రి ఇంటి ముందు కూర్చుని వచ్చేపోయే వాళ్ళను ఆపి వినమంది. అరవై ఏళ్ళలో ఆమెను ఎవరూ "నీకేం తెలుసో చెప్పు" అని అడగలేదు. వ్యవసాయ శాఖ నుంచి వచ్చినవాళ్ళు చెప్పిపోయేవాళ్ళే.

డీడీఎస్ నడిపించిన పి.వి. సతీష్ గారు 2023 మార్చిలో పోయారు. డీడీఎస్‌కు రాకముందు ఆయన దూరదర్శన్‌లో ప్రొడ్యూసర్. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు నాసా ఉపగ్రహంతో ఆరు రాష్ట్రాల్లో 2400 ఊళ్ళకు టీవీ చూపించిన 'సైట్' ప్రయోగంలో పని చేశారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. ఆ ప్రయోగంలో ఊరు చూసేది, ఢిల్లీ, హైదరాబాద్ మాట్లాడేవి. ఆ పని చేసి వచ్చిన మనిషే చివరికి మైకు ఊరి చేతికి ఇచ్చారు.

కృష్ణలంక_రవి

అనిత గారూ, ఇది చదివాక నా మనసు కుదుటపడింది. ఒక సందేహం. రువాండా లాంటిది ఊరి రేడియోలో కూడా జరగొచ్చు కదా అని ఎవరైనా అంటే?

జహీరాబాద్_అనిత

రువాండా రేడియో వెనక అధికార పార్టీ మనుషులు, డబ్బు ఉన్నాయి. ఇక్కడ మాట్లాడే మనిషి పొద్దున నా పొలం గట్టు మీద కనిపిస్తుంది. తప్పు మాట్లాడితే బావి దగ్గరే నిలదీస్తాం. అది చాలా తేడా. అయినా సంఘంలో కులం గొడవలు రావని కాదు, వచ్చాయి, కూర్చుని తేల్చుకున్నారు.

నిఖిల్_డేటా

అక్కా, మరి వరంగల్ అన్న చెప్పిన క్వారీ వార్త సంగం రేడియో లాంటి దాంట్లో వస్తుందా?

ప్లీడరమ్మ

దానికి నేను చెప్తాను. రాదు. కమ్యూనిటీ రేడియోలకు 2006 నిబంధనలు స్వచ్ఛంద సంస్థలకు తలుపు తెరిచాయి గాని వార్తలు, రాజకీయ వ్యవహారాలు నిషేధించాయి. ఆ తర్వాత సడలించింది ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నదున్నట్టు వేసుకోవడం వరకే. వాతావరణం, పరీక్షల ఫలితాలు, కరెంటు కోత లాంటివి చెప్పుకోవచ్చు. టీవీలో రోజంతా అరుచుకునే వార్తా ఛానెళ్ళకు లేని ఆంక్ష పల్లె రేడియోకు ఉంది. కామన్ కాజ్ సంస్థ దీని మీద 2013లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. మానవ హక్కుల ప్రకటన 19వ అధికరణంలో పంచుకునే హక్కు అంటున్నాం, మన రాజ్యాంగంలోనూ అంకె కలిసొచ్చి భావ ప్రకటన స్వేచ్ఛ ఇచ్చే 19(1)(ఎ) ఉంది. ఊరి మనిషికి ఊరి వార్త చెప్పే హక్కు లేకపోతే ఆ రెండూ ఎవరి కోసం?

వరంగల్_కంట్రిబ్యూటర్

మేడమ్, ఆరోగ్యం గురించి మాట్లాడొచ్చా? క్వారీ దుమ్ముకు దగ్గు వస్తే ఏం చేయాలని డాక్టరును పిలిచి అడగొచ్చా?

ప్లీడరమ్మ

అడగొచ్చు. ఆరోగ్య కార్యక్రమం మీద నిషేధం లేదు.

వరంగల్_కంట్రిబ్యూటర్

అయితే మా జిల్లాలో కమ్యూనిటీ రేడియోకు దరఖాస్తు ఎలా పెట్టాలో చెప్పండి. ఇక్కడ రిజిస్టరైన ఒక మహిళా సంఘం ఉంది, మూడేళ్ళు దాటింది. ఆ ముసలామె అందులో సభ్యురాలే.

జహీరాబాద్_అనిత

మూడేళ్ళు దాటితే అర్హత ఉన్నట్టే తమ్ముడూ. సమాచార ప్రసార శాఖకు ఆన్‌లైన్‌లో పెట్టాలి. స్థలం, ఆడిట్ లెక్కలు, సంఘం తీర్మానం సిద్ధం చేసుకోండి. మాచ్‌నూర్ ఆడవాళ్ళను ఫోన్‌లో అడిగాను, ఒక రోజు వచ్చి చూసిపొమ్మన్నారు. ఆ సంఘం వాళ్ళను ముగ్గురు నలుగురిని వెంటబెట్టుకుని రండి, ఆ పెద్దామెను తప్పకుండా తీసుకురండి.